పుట్టినరోజు చూసినవాళ్లు

చోడవరంలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం స్కూల్లో రెండో తరగతి చెప్పి రిటైరయ్యాను. పెద్ద తరగతులకి నన్ను ఎప్పుడూ పంపలేదు, నేనూ అడగలేదు. ఈ మధ్య మా వీధిలో టీచరు ట్రైనింగు చదువుతున్న అమ్మాయి ఒకతె వచ్చి, "మీ అనుభవాలు ఏవైనా రాసివ్వండి మేడమ్, మాకు పనికొస్తాయి" అంది. పాఠం ఎలా చెప్పాలో మీకు ట్రైనింగులో చెబుతారు. పిల్లల్ని కొట్టకూడదని కూడా ఇప్పుడు చెబుతున్నారట, సంతోషం. వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. క్లాసులో ఒక పిల్లకి పుట్టినరోజు వస్తే ఏం చెయ్యాలి? నవ్వకండి. పిల్లల గురించి నేను నేర్చుకున్నది చాలావరకు ఆ పుట్టినరోజుల్లోనే నేర్చుకున్నాను.

రంగు గౌను

తొంభైల మొదట్లో మా ఊళ్లో ఇంగ్లీషు మీడియం స్కూళ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మా కరస్పాండెంట్‌గారు అంతకుముందు ఎరువుల వ్యాపారం చేసేవారు. మనిషి చెడ్డవాడు కాదు. జీతాలు ఆలస్యం చేసినా ఎగ్గొట్టలేదు. కానీ ఆయన లెక్కలో స్కూలంటే బయటివాళ్లకి కనిపించేదే. టైలు, బెల్టులు, గోడమీద ఇంగ్లీషు సామెతలు, పుట్టినరోజులు.

పుట్టినరోజు పిల్ల ఆ రోజు యూనిఫాం వేసుకోనక్కర్లేదు. రంగు గౌనులో వస్తుంది. చేతిలో చాక్లెట్ల పేకెట్టు. ముందు ఆఫీసు గదిలో కరస్పాండెంట్‌గారికి ఇస్తే ఆయన షేక్‌హేండ్ ఇస్తారు. తర్వాత ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకుని ప్రతి క్లాసుకీ తిరగొచ్చు. ఆ ఇద్దర్నీ ఎంచుకోవడంలోనే రాజకీయమంతా ఉండేది. వారం ముందునుంచీ పిల్లలు ఆ అమ్మాయి చుట్టూ తిరిగేవారు. మర్నాటికి ఎవరి దారి వాళ్లది.

చెరుకు రైతుల పిల్లలు, చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ల పిల్లలు, బజారులో దుకాణాలవాళ్ల పిల్లలు, అందరూ నా క్లాసులోనే కూర్చునేవారు. కొందరికి పుట్టినరోజు వచ్చేది, కొందరికి వచ్చేది కాదు. అంటే, ఆ రోజు వాళ్లు స్కూలుకి వచ్చేవారు కాదు. మర్నాడు అడిగితే జొరమనో, ఊరెళ్లామనో చెప్పేవారు. మీరు క్లాసులో అడుగుపెట్టగానే ఒక పని చెయ్యండి. తమ పుట్టినరోజునాడు రాని పిల్లలెవరో గమనించండి. వాళ్లకి మీరు ఎక్కువ అవసరం.

ఇదంతా నా కంట పడడానికి నా సంగతి కూడా ఒక కారణమేమో. మాది అనకాపల్లి. నాన్న టైలరు. పెళ్లయిన ఏడాదికే నా భర్త జబ్బు చేసి పోయారు. అమ్మా నాన్నా అప్పటికే లేరు. విశాఖపట్నం హార్బరులో గుమస్తాగా ఉన్న మా అన్నయ్య తనింటికి వచ్చెయ్యమన్నాడు. నేను వెళ్లలేదు. వదిన మంచిదే. కానీ ఒకరింట్లో ఒక మూల సర్దుకుని బతకడం నాకు ఇష్టం లేకపోయింది. ఈ ఉద్యోగం వెతుక్కుని, చోడవరంలో బస్టాండు వెనక ఒక గది అద్దెకి తీసుకున్నాను. "అన్న బతికుండగా చెల్లెలు అద్దెగదిలో ఉంటే నలుగురూ నన్నేమనుకుంటారు?" అని అన్నయ్య చాలా బాధపడ్డాడు. ఆ తర్వాత మా మధ్య మాటలు రంజానుకీ బక్రీదుకీ మిగిలాయి.

రోజంతా నలభైమంది పిల్లల గోల. నాలుగున్నరకి గదికి వచ్చి తాళం తీస్తే, తాళం చప్పుడొక్కటే. ఆదివారమంటే నాకు భయంగా ఉండేది.

చిమ్మిలి

ఒక వానాకాలం పొద్దున్న, చీడికాడ దగ్గర పల్లెనుంచి ఒక ముసలమ్మ నేరుగా నా క్లాసు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మోకాళ్లదాకా బురద. చేతిలో స్టీలు కేను. నా క్లాసులో అప్పలరాజు అనే పిల్లవాడికి నాయనమ్మ. పేరు సన్యాసమ్మ.

"ఈడి పుట్టినరోజంటమ్మా ఇయ్యాల. రేతిరినించీ ఒకటే గోల, ఏవో సాక్లెట్లు తెమ్మని. అయ్యేటో నాకు తెల్దు. నువ్వులూ బెల్లం కొట్టి సిమ్మిలి సేసుకొచ్చేను. పిల్లలకి పెట్టమ్మా."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. దుకాణంవాళ్ల అమ్మాయి లేచి, "టీచర్, బర్త్‌డేకి చాక్లెట్సే ఇవ్వాలి కదా?" అంది. అప్పలరాజు తల బెంచీకి ఆనించేశాడు. ముసలమ్మకి ఆ మాట అర్థమైంది. కేను మూత సగం తీసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి మాట్లాడాను. "అమ్మా, వీడు పుట్టిన రోజు మీకు గుర్తుందా?"

"గుర్తుండకేటమ్మా! నా సేతులమీద పుట్టినోడు."

"అయితే పిల్లలకి చెప్పండి."

ఆవిడ కేను నా టేబులు మీద పెట్టి, కొంగు దోపుకుని మొదలుపెట్టింది.

"ఇలాటి వానే. కోడలికి పొద్దున్నే నొప్పులొచ్చేయి. బండి కట్టి సోడారం ఆసుపత్రికి బయల్దేరేం. దారిలో గెడ్డ నీల్లు పొంగీసేయి. ఇటు జనం, అటు జనం, ఎవులూ దాటనేరు. కోడలు ఇంక నావల్ల కాదంది. బండిలో వానకి కప్పే బరకం ఉంటే అక్కడున్న మొగోలందర్నీ పిలిసి, 'ఒరే బాబూ, తలో సెయ్యేసి పట్టుకోండి, మొకాలు అటు తిప్పండి' అన్నాను. ఆల్లెవులో మాకు తెల్దు, మేమెవులో ఆల్లకి తెల్దు. వానలో అలాగే నిలబడీసేరు. ఆ బరకం కిందే ఈడు పుట్టేడు. ఏటి ఏడుపమ్మా అది! అవతలి గట్టుమీదోలకి కూడా ఇనబడిపోనాది. 'ఏ బిడ్డా?' అని అటునించి అరిసేరు. 'గుంటడే!' అని ఇటునించి అరిసేరు. రెండు గట్లమీదా జనం ఒకటే నవ్వులు."

అప్పలరాజు ఎప్పుడు తలెత్తాడో నేను చూడలేదు. వాణ్ని మాత్రం అందరూ కొత్తవాణ్ని చూసినట్టు చూస్తున్నారు. చిమ్మిలి ఒక్క ఉండ కూడా మిగల్లేదు. దుకాణంవాళ్ల అమ్మాయి రెండోది అడిగి తీసుకుంది.

మర్నాడు పొద్దున్న పిల్లలు నన్ను హాజరు వెయ్యనివ్వలేదు. "టీచర్, మా అమ్మని కూడా పిలవండి, నానెలా పుట్టేనో సెప్తాది" అని ఒకటే గోల.

పురుడు కథలు

అలా మా రెండో తరగతిలో చాక్లెట్లు పోయాయి. పుట్టినరోజు పిల్ల ఇంటినుంచి ఎవరో ఒకరు ఆఖరి పీరియడుకి వచ్చి, ఆ పిల్ల పుట్టిన రోజు సంగతి చెప్పాలి. అంతే. తినేదేమైనా తెస్తే సరే, తేకపోతే అడగకూడదు.

కరస్పాండెంట్‌గారు నన్ను ఆఫీసుకి పిలిచారు. "బళ్లో ఈ పురుడు కథలేటి మేడమ్? పేరెంట్స్ ఏమనుకుంటారు?"

"వచ్చినవాళ్లు ఏమనుకుంటున్నారో అడగండి సార్" అన్నాను.

ఆయన అడగలేదు గానీ, ఒకరోజు వచ్చి వెనక నిలబడ్డారు. ఆ రోజు ఫ్యాక్టరీలో కూలికెళ్లే ఒక తండ్రి మాట్లాడుతున్నాడు. వరసగా ఇద్దరు బిడ్డలు దక్కక, మూడోదాన్ని కళ్లు తెరిచేదాకా ముట్టుకోవడానికి భయపడ్డానని చెబుతూ మధ్యలో ఆగిపోయాడు. కరస్పాండెంట్‌గారు చప్పుడు చెయ్యకుండా వెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అంతకుముందు గేటు దాటి లోపలికి రాని తల్లులు బ్లాక్‌బోర్డు పక్కన నిలబడి మాట్లాడేవారు. కొందరు అతిశయోక్తులు చెప్పేవారు. ఒకావిడ తన కొడుకు పుట్టగానే నవ్వాడంది. నేను అడ్డుకోలేదు. విన్న పిల్లకి మాత్రం ఒక సంగతి తెలిసిపోయేది, తన కోసం ఒకరోజు ఎవరో కంగారుపడ్డారని. ఆ ధైర్యం ఎక్కాలు చెబితే రాదు.

సాయంత్రం గదికి పోయాక ఆ కథలు నాలో తిరుగుతుండేవి. ఎవరికైనా చెప్పాలనిపించేది. చెప్పడానికి ఎవరూ ఉండేవారు కాదు. స్టవ్ మీద అన్నం ఉడుకుతుంటే దాని ముందు కూర్చుని, సన్యాసమ్మ యాసలో నాకు నేనే చెప్పుకున్న రోజులున్నాయి.

రత్నం

మీరు కూడా ఇలాంటిదేదో మొదలుపెడతారు. పెట్టగానే ఒక పిల్ల అందులో ఇమడదు. నా క్లాసులో ఆ పిల్ల నూకరత్నం. కె.కోటపాడు వైపు పల్లె. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి మాడుగులనుంచి రెండో పెళ్లి చేసుకొచ్చాడు. నెమ్మదైన పిల్ల. అడిగితేనే మాట్లాడుతుంది.

పుట్టినరోజు దగ్గరపడుతుంటే నా టేబులు దగ్గరకి వచ్చి, "టీచర్, నా పుట్టినరోజు సెయ్యొద్దు" అంది.

"ఎందుకమ్మా?"

"సెప్పడానికి ఎవులూ నేరు."

"మీ నాన్న?"

"కోతలకి ఎల్లిపోతాడు."

"పోనీ, ఇంట్లో…" అని నేను అనబోతుంటే, "ఆవిడికి తెల్దు" అంది. ఇంట్లో ఉన్న మనిషిని ఎలా పిలుస్తుందో ఆ మాటతో తెలిసింది. నేను వద్దులే అన్నాను. ఆ రోజు మామూలుగా పాఠం చెబుదామనుకున్నాను.

కానీ ఆ రోజు ఆఖరి పీరియడుకి ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. చిన్న వయసు. ఇస్త్రీ మడత విప్పని చీర. "నూకరత్నం క్లాసిదేనాండీ? ఊళ్లో పిల్లలు సెప్పేరు, ఇయ్యాల ఇంటినించి రావాలంట కదా." రత్నం తల దించేసుకుంది. నాకేం చెయ్యాలో తోచలేదు. వెళ్లిపోండి అనలేను. రండి అంటే ఆ పిల్లకి ఇచ్చిన మాట పోతుంది. నేను తేల్చుకునేలోపే ఆవిడ లోపలికి వచ్చేసింది.

"నాను ఈ గుంటని కనలేదు బాబూ," అని మొదలుపెట్టింది. "ఈ గుంట పుట్టిన్నాడు నాను మాడుగులలో మా అమ్మింట్లో ఉన్నాను. కన్నతల్లి ఉంటే ఆవిడే వచ్చి సెప్పును. ఆవిడి మాట నాను సెప్పకూడదు. నాను ఈ గుంటని మొదటిసారి సూసిన్నాటి సంగతి సెప్తాను."

ఆవిడ చెంగు భుజాన సర్దుకుంది.

"పెళ్లయి ఆ ఇంట్లో దిగేను. అందరూ ఈ గుంటని నా మీదికి తోసీసి, 'మీ అమ్మొచ్చింది, ఎల్లు' అన్నారు. ఇది నన్నొకసారి సూసి పశువుల సాలలోకి ఎల్లి గడ్డి ఎనక కూకుండిపోనాది. నాకు కోపం రానేదు. దీనికి నాను కొత్త. నాకు ఆ ఇంట్లో అందరూ కొత్తే. ఇద్దరం సెరో మూలా ఉండిపోనాం. మా ఊరి హల్వా తెచ్చుకున్నాను. ఒక ముక్క ఆకులో పెట్టి, సాల గుమ్మంమీద ఉంచి, ఎనక్కి తిరిగి నిలబడ్డాను. కొంతసేపటికి సూస్తే ఆకొకటే ఉంది."

"రత్నం మిమ్మల్ని అమ్మా అంటాదాండీ?" ముందు బెంచీ పిల్లవాడు అడిగాడు. పిల్లలు అలాగే అడుగుతారు. నేను ఆపేలోపే ఆవిడ జవాబు చెప్పేసింది.

"నేదు బాబూ. ఏటీ పిలవదు." ఆవిడ నవ్వడానికి ప్రయత్నించింది. "ఆ హల్వా ఇది తిన్నాదో, కాకెత్తుకుపోనాదో, ఇప్పటికీ నాకు తెల్దు."

పిల్లలు నవ్వారు. ఆ నవ్వు ఆగాక, రత్నం తలెత్తకుండానే అంది: "నానే తిన్నాను."

అంతకుమించి ఏమీ జరగలేదు. పరుగెత్తుకెళ్లి వాటేసుకోలేదు. బెల్లు కొట్టారు. ఆవిడ రత్నం సంచీ అందుకుని భుజాన వేసుకుంది. రత్నం ఇవ్వనని లాక్కోలేదు. గేటుదాకా ఇద్దరూ మాట్లాడకుండానే వెళ్లారు. కొన్నాళ్లకి రత్నం క్లాసులో ఎవరితోనో "మా పిన్ని సెప్పింది" అనడం విన్నాను. అమ్మా అందో లేదో నాకు తెలీదు. పిన్ని అన్నది చాలు.

భాయిజాన్

ఆ ఏడాదే రత్నం నన్నొక ప్రశ్న అడిగింది. ఎక్కాలు అప్పజెప్పి, వెళ్లి కూర్చోకుండా నిలబడింది. "టీచర్, మరి మీ పుట్టినరోజో?"

క్లాసంతా అందుకుంది. "అవును టీచర్! మీ కోసం ఎవరొస్తారు?"

"మా అమ్మా నాన్నా లేరు. ఎవరూ రారు" అన్నాను.

"మరి మీరు పుట్టినప్పుడు సూసినోలు ఇంకెవులూ నేరా?" అంది రత్నం.

గదికి వచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. చూసినవాళ్లు ఒక్కరున్నారు. అన్నయ్య నాకంటే ఏడేళ్లు పెద్ద. మూడురోజులు తటపటాయించి, బస్టాండు దగ్గర ఎస్టీడీ బూతునుంచి వాళ్ల ఆఫీసుకి ఫోను చేశాను.

"భాయిజాన్, నేను షమీమ్‌ని."

"ఏమైంది? ఒంట్లో బాగులేదా?"

"బాగానే ఉంది. నేను పుట్టిన రోజు నీకు గుర్తుందా?"

"ఎందుకు?"

"మా క్లాసు పిల్లలు అడుగుతున్నారు. వచ్చి చెప్పాలి. అది మా క్లాసు పద్ధతి."

"చూస్తాను" అని పెట్టేశాడు. చూస్తాను అంటే రానని అర్థం మా ఇంట్లో.

నా పుట్టినరోజునాడు పిల్లలు బోర్డుమీద రంగు సుద్దలతో పువ్వులు వేశారు. ఆఖరి పీరియడు మొదలై సగం అయిపోయింది. నేను పుస్తకం తీయమన్నాను. ఎవరూ తియ్యలేదు. అప్పుడు గుమ్మంలో అన్నయ్య కనిపించాడు. గడ్డం బాగా నెరిసిపోయింది. బస్సులో నిలబడే వచ్చినట్టు చొక్కా నలిగిపోయి ఉంది. పిల్లలందరూ లేచి ఒక్క గొంతుతో గుడాఫ్టర్‌నూన్ చెబితే, కంగారుపడి చేతులు జోడించాడు.

"నాకప్పుడు మీ అంత వయసు," అన్నాడు పిల్లలతో. నా వైపు చూడలేదు. "మా నాన్న గుడ్డలు కొనడానికి విశాఖపట్నం వెళ్లారు. మధ్యాహ్నం చెల్లి పుట్టింది. మా ఇళ్లల్లో బిడ్డ పుట్టగానే చెవి దగ్గర అజాన్ చెబుతారు. మసీదులో నమాజుకి పిలుస్తారు చూడండి, అదే. ఆ బిడ్డ వినే మొదటి మాటలు దేవుడివి కావాలని. మగవాళ్లు చెప్పాలి. వీధిలో మగవాళ్లంతా పనులకి పోయారు. మా నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని, 'నీకు వచ్చు కదరా, నువ్వు చెప్పు' అంది. వచ్చని గొప్పలు చెప్పుకునేవాణ్ని. నిజానికి నాకు సగమే వచ్చు."

పిల్లలు నవ్వారు. అన్నయ్యకి కొంచెం ధైర్యం వచ్చింది.

"చెవి దగ్గర వంగి మొదలుపెట్టాను. సగందాకా చెప్పి ఆగిపోయాను. ఏమీ గుర్తు రాలేదు. ఇది కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. మళ్లీ మొదట్నుంచి చెప్పాను. మళ్లీ అక్కడే ఆగిపోయాను. ఏడుపొచ్చింది. నా వల్ల చెల్లికి ఏమైనా అవుతుందేమోనని భయం. ఇంతలో సాయంత్రం నమాజు వేళై పక్కవీధి మసీదులో నిజంగానే పిలుపు మొదలైంది. ఆయన ఒక్కో మాటా అంటుంటే, వెనకే నేనూ దీని చెవిలో అనేశాను. అలా పూర్తయింది. ఎవరికీ చెప్పలేదు, ఇవాళే చెబుతున్నాను."

"అంటే కాపీ కొట్టేరేటండీ?" ముందు బెంచీ పిల్లవాడు అరిచాడు. రత్నం పిన్నిని ప్రశ్న అడిగినవాడే. పేరు గణేష్.

అన్నయ్య గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో. "అవును బాబూ. కాపీయే కొట్టాను."

నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నా చెవిలో అజాన్ నాన్నే చెప్పి ఉంటారనుకున్నాను. లోకంలో నా చెవిన పడ్డ మొదటి గొంతు మా అన్నయ్యది. బోర్డు తుడిచే మిషతో అటు తిరిగి నిలబడ్డాను. పిల్లలు చూడకూడదు కదా.

బస్టాండుకి వెళ్తూ, "నీ గది చూపించవా?" అన్నాడు. చూపించాను. ఉన్న ఒక్క కుర్చీలో ఆయన కూర్చుంటే నేను నిలబడి టీ పెట్టాను. గోడలు, కిటికీ, స్టవ్ అన్నీ చూసి, "బాగానే ఉంది" అన్నాడు. చెప్పుకోవలసినవి చాలా ఉండిపోయాయి. బస్సు వేళైంది. ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత ఫోన్లు చేసుకునేవాళ్లం. రెండేళ్లు తిరక్కుండానే గుండెనొప్పితో పోయాడు. పోయినరోజు సాయంత్రం వదిన పక్కన కూర్చుని ఆలోచించాను. నేను పుట్టడం చూసినవాళ్లు ఇక భూమ్మీద ఎవరూ లేరు.

తర్వాత

దశాబ్దం చివరికి స్కూలు కొత్త బిల్డింగులోకి మారింది. "పక్క స్కూల్లో కేకు కోయిస్తన్నారు మేడమ్, పేరెంట్స్ అడుగుతన్నారు" అన్నారు కరస్పాండెంట్‌గారు. ఆ నెలలో పుట్టినవాళ్లందరికీ కలిపి అసెంబ్లీలో ఒక్క కేకు. ఎవరూ మానెయ్యనక్కర్లేదు, అదీ ఒక మేలే. నేను వాదించాను, నెగ్గలేదు. ఉద్యోగంలో అన్నీ నిలుస్తాయనుకోకండి. ఒక ఆరేడు సంవత్సరాలు నిలిస్తే గొప్పే.

రిటైరయ్యాక ఇదే ఊళ్లో ఉండిపోయాను. పగటిపూట పిల్లల గోల కూడా లేదిప్పుడు. ప్రతిరోజూ ఆదివారంలాగే ఉంటుంది.

మొన్న ఫోనుకి ఛార్జరు పాడైపోతే బజారులో ఒక సెల్ షాపుకి వెళ్లాను. షాపతను నన్ను చూసి కౌంటరు వెనకనుంచి గబగబా వచ్చాడు. "టీచర్! నేను గణేష్‌ని! కాపీ గణేష్‌ని!" పక్కన స్కూలు సంచీతో ఏడెనిమిదేళ్ల పాప కూర్చుంది. వాడి కూతురు. దాన్ని లేపి నా ముందు నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఒసే, ఈ టీచరుగారు పుట్టినప్పుడు ఏటైందో తెలుసా? ఆల్ల అన్నయ్యగారు సిన్న గుంటడు. చెవిలో దేవుడి పాట పాడాలంట. మద్దిలో మర్సిపోయేడు. ఏడిసీసేడు. అప్పుడు పక్కింట్లో రేడియోలో అదే పాటొచ్చింది. అది ఇని కాపీ కొట్టీసేడు!"

పాట కాదు, రేడియో కాదు. ఎన్నో ఏళ్లు తప్పులు దిద్దిన నోరు, దిద్దడానికి తెరుచుకుంది కూడా. మూసేసుకున్నాను.

పాప నోరు తెరుచుకుని నన్ను చూస్తోంది. "ఆ అన్నయ్య పేరేటండీ?" అని అడిగింది.

మా అన్నయ్య పేరు నన్నెవరైనా అడిగి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. గణేష్ స్టూలు తెచ్చి వేశాడు. కూర్చుని, ఆ పాపకి మా అన్నయ్య పేరు చెప్పాను.